తెడ్డుకు కట్టిన గాలం

కెనడా పడమటి కొసన ఉన్న వాంకూవర్ దీవికి రెండు ముఖాలున్నాయి. తూర్పున, ప్రధాన భూభాగానికీ దీవికీ నడుమ, సముద్రం ఇరుకు కాలువల్లో పారుతుంది. పడమట ఆసియా దాకా అడ్డు లేని పసిఫిక్. సుమారు 450 కిలోమీటర్ల పొడవున సాగే ఆ పడమటి తీరంలో ఇసుక తిన్నెలు తక్కువ. కొండలు నేరుగా నీళ్లలోకి దిగుతాయి. మంచుయుగంలో హిమానీనదాలు తొలిచిన లోతైన పాయలు పదుల కిలోమీటర్లు నేల లోపలికి చొచ్చుకుపోతాయి. నీటిమట్టానికి ఓ అడుగు పైనో కిందో రాళ్లు పొంచి ఉంటాయి. ఈ తీరంలోని టొఫినో ఊళ్లో ఏటా 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. ఓడల వాళ్లు ఈ ప్రాంతాన్ని పసిఫిక్ శ్మశానం అంటారు. 1906 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి సియాటిల్ వెళ్తున్న వాలెన్షియా అనే ఆవిరి ఓడ దారి తప్పి పచీనా పాయింట్ దగ్గర రాళ్లను కొట్టుకుంది. ఒడ్డు కంటికి కనిపిస్తుండగానే వందమందికి పైగా చనిపోయారు. ఆ దుర్ఘటన తర్వాతే అక్కడ దీపస్తంభం వెలిగింది, బతికి ఒడ్డుకు చేరినవాళ్లు నడిచి బయటపడేందుకు తీరం వెంట బాట పడింది. వెస్ట్ కోస్ట్ ట్రెయిల్ అనే పేరుతో ఇవాళ యాత్రికులు నడుస్తున్నది ఆ బాటలోనే.

ఇంత కఠినమైన చోటికి సరదా కోసం గాలం పట్టుకుని జనం రావడానికి కారణం నీటి అడుగున ఉంది. వేసవిలో ఇక్కడ వాయవ్యపు గాలి తీరం వెంబడి వీస్తుంది. ఆ గాలి తోపుకు భూమి తిరుగుడు తోడై పైనున్న నీరు తీరానికి దూరంగా జరుగుతుంది, ఆ ఖాళీలోకి అడుగునున్న చల్లని నీరు పైకి వస్తుంది. ఆ నీటితో వచ్చే పోషకాల మీద కంటికి ఆనని నాచు పెరుగుతుంది, దాన్ని తినే సూక్ష్మజీవులు, వాటిని తినే హెర్రింగ్ చేపల మందలు, వాటి వెంట పెద్ద చేపలు. పెద్ద చేపల్లో గాలం వేసేవాళ్లను రప్పించేవి రెండు, సాల్మన్, హాలిబట్. ఒకటి బాటసారి, రెండోది సముద్రపు నేలను అంటిపెట్టుకుని బతికేది. ఈ తీరంలో వేట చరిత్ర చాలావరకు ఈ తేడా చుట్టూనే నడిచింది.

సాల్మన్ బతుకు తెలుగువారికి కొత్తగా తోచదు. గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు సముద్రం వదిలి ఎదురీదే పులస లాంటిదే ఇదీ. నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ పుట్టిన నదికే వస్తుంది. తేడా ఏమిటంటే పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టాక తిరిగి వెళ్లదు, అక్కడే చనిపోతుంది. ఈ తీరంలో చినూక్, కోహో, సాకై, పింక్, చమ్ అనే ఐదు రకాలున్నాయి. గాలం వేసేవాళ్లు ముఖ్యంగా కోరుకునేవి మొదటి రెండూ. చినూక్ అన్నిటికన్నా పెద్దది. గాలపు కర్రతో పట్టిన వాటిలో రికార్డు 97 పౌండ్ల 4 ఔన్సులు, 1985లో అలాస్కాలోని కీనై నదిలో దొరికింది. నదిలోకి ప్రవేశించాక సాల్మన్ మేత మానేస్తుంది. అందువల్ల సముద్రంలో, నది ముఖం చేరకముందు, ఆబగా తింటూ పోయే ఆ కొద్ది వారాలే దాన్ని పట్టేవాడికి మంచి అదను.

హాలిబట్ బల్లపరుపు చేప. పిల్లగా ఉన్నప్పుడు మామూలు చేపలాగే నిటారుగా ఈదుతుంది, రెండు పక్కలా రెండు కళ్లుంటాయి. కొన్ని నెలలకు ఎడమ కన్ను నెత్తి మీదుగా కుడి పక్కకు జరుగుతుంది. ఇక అక్కడి నుంచి జీవితమంతా ఎడమ పక్క నేలకు ఆన్చి, పై పక్కనున్న రెండు కళ్లతో కాపు కాస్తూ గడుపుతుంది. 50 ఏళ్లకు పైగా బతకగలదు. బాగా పెద్దవన్నీ ఆడవే. 250 పౌండ్ల ఆడ హాలిబట్ ఒక్క ఏడాదిలో 40 లక్షల గుడ్లు పెట్టగలదని లెక్క. ఆ లెక్కను పాలకులు పట్టించుకోవడానికి చాలా కాలం పట్టింది. అడవి కర్రతో గాలం చేసుకున్నవాళ్లు మాత్రం దానికి తగ్గట్టే నడుచుకున్నారు.

ఈ తీరపు తొలి జాలరులు, దీవి పడమటి వైపున నూచానుల్త్ తెగలవారు, దీవికి దక్షిణానున్న జలసంధికి ఆవల ఫ్లాటరీ అగ్రం దగ్గర మకా తెగవారు. ఉత్తరాన హైడా, త్లింగిత్ ప్రజలు. హాలిబట్ కోసం మకావారు చేసే గాలం ఇంగ్లీషు యు అక్షరంలా వంగి ఉండేది. గట్టి కర్ర పుల్లను సముద్రపు నాచు బుడ్డలో పెట్టి నిప్పుల వేడికి ఆవిరి పట్టించి, మెత్తబడ్డాక వంచి, ఆరబెట్టేవారు. లోపలి వైపు ఎముకతో చేసిన ముల్లు కట్టేవారు. ఉత్తరాది తెగలవారు రెండు వేర్వేరు రకాల కర్రముక్కలను వి ఆకారంలో కట్టి, ఒక ముక్క మీద ఏదో జంతువు బొమ్మ చెక్కేవారు. ఒక కర్ర తేలేది, ఇంకోటి కొంచెం బరువైనది కావడంతో గాలం నేలకు కాస్త పైన నిలిచేది. ఎర ఆక్టోపస్ ముక్క. దారం పొడవాటి కెల్ప్ నాచు కాడలది, ఎండబెట్టి మళ్లీ తడిపితే తాడంత గట్టిగా ఉండేది.

ఆ గాలంలోని తెలివి దాని కొలతలో ఉంది. చిన్న చేప నోటికి అది పట్టదు. మరీ పెద్ద చేప నోరు గాలం సందులో ఇరుక్కోదు. మధ్య రకం చేప ఎరను పీల్చి, మింగుడుపడక ఉమ్మేయబోతే లోపలి ముల్లు దవడకు దిగేది. ఇంత పెద్ద చేపనే పడవలోకి లాగాలి అన్న హద్దు వేటగాడి ప్రాణానికీ అవసరమే. సన్నటి దేవదారు దోనెలో, ఒడ్డుకు పదిహేను ఇరవై మైళ్ల దూరంలో, నిండుగా పెరిగిన హాలిబట్ తోక కొట్టిందంటే దోనె తిరగబడడం ఖాయం. ఫలితంగా ఎక్కువ గుడ్లు పెట్టే ముసలి తల్లులు సముద్రంలోనే మిగిలేవి. ఒజెట్ అనే మకా ఊరు కొన్ని వందల ఏళ్ల కిందట కొండచరియ విరిగిపడి బురదలో కూరుకుపోయింది. 1970లో మొదలైన తవ్వకాల్లో చెక్క సామాను చెక్కుచెదరకుండా బయటపడింది, వాటిలో ఈ గాలాలూ ఉన్నాయి.

సాల్మన్‌ను పట్టే పద్ధతి వేరు. 1803 నుంచి రెండేళ్లపాటు ఈ పడమటి తీరంలోని నూట్కా పాయలో బందీగా బతికిన జాన్ జువిట్ అనే కమ్మరి దాన్ని తన కథనంలో వివరించాడు. దోనెలో ఒక్కడు కూర్చుంటాడు. చిన్న చేపను ఎరగా గుచ్చిన గాలపు దారాన్ని తెడ్డుకు కట్టుకుంటాడు. తెడ్డు వేసిన ప్రతిసారీ ఎర ఒక్క ఉదుటున ముందుకు దూకి, మళ్లీ నెమ్మదిస్తుంది, నీటిలోని చేపకు అది బెదిరి పారిపోతున్న ప్రాణిలా కనిపిస్తుంది. మరపడవ వెనుక ఎరను లాగుతూ పోయే నేటి ట్రోలింగ్ పద్ధతిలో ఉన్నదీ ఆ సూత్రమే. దాన్ని కనిపెట్టిన ఘనత మాత్రం ఏ గాలపు సామాను దుకాణం జాబితాలోనూ ఆ తెడ్డు మనిషికి దక్కలేదు.

తెల్లవారి వైపు నుంచి మొదటి కథ కాస్త నవ్వు తెప్పించేది. 1845లో హెచ్.ఎం.ఎస్. అమెరికా అనే బ్రిటిష్ యుద్ధనౌక ఈ జలసంధికి వచ్చింది. అప్పుడు ఆరెగాన్ ప్రాంతం బ్రిటన్‌దా అమెరికాదా అన్న తగాదా నడుస్తోంది. ఆ నౌక కెప్టెన్ జాన్ గోర్డన్ బ్రిటిష్ విదేశాంగ మంత్రి ఎబర్డీన్ ప్రభువు తమ్ముడు. ఇక్కడి సాల్మన్ ఈకల ఎరకు లేవడం లేదు కాబట్టి ఈ దేశం ఎందుకూ పనికిరాదని ఆయన తేల్చేశాడని ఒక ముచ్చట ప్రచారంలో ఉంది. మరుసటి ఏడు సరిహద్దు 49వ అక్షాంశం మీద ఖరారైంది. చేప మీద కోపంతో సామ్రాజ్యం నేల వదులుకుందన్నది చరిత్రకన్నా కాలక్షేపానికే ఎక్కువ పనికొచ్చే మాట. అయితే స్కాట్లండ్ నదుల్లో నేర్చిన వేట ఇక్కడి సముద్రంలో చెల్లదన్న సంగతి అందులో ఉంది.

సరిహద్దు పడ్డాక ఒకే సముద్రపు జాలరులు రెండు చట్టాల కిందికి వెళ్లారు. దక్షిణాన మకావారు 1855 జనవరి 31న నీయా బే వద్ద అమెరికాతో ఒప్పందం చేసుకున్నారు. నేల సంగతి ఎలా ఉన్నా సముద్రం తమదని వారి పెద్దలు పట్టుబట్టారు. అలవాటైన చోట్లలో చేపలు, తిమింగలాలు, సీళ్లు పట్టే హక్కు ఒప్పందంలో రాయించుకున్నారు. ఉత్తరాన, బ్రిటిష్ వైపు, నూచానుల్త్ ప్రజలతో అలాంటి ఒప్పందం జరగలేదు. 1888 నాటి కెనడా నిబంధనలు స్థానిక తెగలవారు తిండికి చేపలు పట్టుకోవచ్చన్నాయి, లైసెన్సు లేకుండా అమ్మరాదన్నాయి. తిండి, వ్యాపారం, వినోదం అనే మూడు గదుల విభజనకు పునాది అక్కడ పడింది. అంతకుముందు ఆ తెగలకు ఈ మూడూ వేర్వేరు కావు. ఐదు నూచానుల్త్ తెగలకు చేపలు పట్టి అమ్ముకునే హక్కు ఉందని బ్రిటిష్ కొలంబియా సుప్రీంకోర్టు ఒప్పుకున్నది 2009లో.

వినోదపు వేట నిలదొక్కుకున్నది దీవికి తూర్పు వైపున, క్యాంబెల్ నది సముద్రంలో కలిసే చోట. 1896లో సర్ రిచర్డ్ మస్‌గ్రేవ్ అక్కడ 70 పౌండ్ల చినూక్ పట్టి, ఆ సంగతి లండన్‌లోని ది ఫీల్డ్ పత్రికకు రాశాడు. కబురు విన్న దొరలు ఓడలెక్కారు. 1904లో తూలిన్ సోదరులు అక్కడ విల్లోస్ హోటల్ కట్టారు. దొరలకు తెడ్లు వేసినవాళ్లు, ఏ వేళకు ఏ మూల చేప నిలుస్తుందో చూపినవాళ్లు ఎదుటి దీవిలోని కేప్ మజ్ గ్రామస్థులు.

1924లో అక్కడ టైయీ క్లబ్ ఏర్పడింది. టైయీ అంటే నాయకుడు, నూచానుల్త్ భాష నుంచి తీరపు వ్యాపార భాషలోకి వచ్చిన మాట. 30 పౌండ్లు, అంటే దాదాపు పదమూడున్నర కిలోలు, దాటిన చినూక్‌కు ఆ పేరు. క్లబ్బులో చేరాలంటే అలాంటి చేపను పట్టాలి, అదీ క్లబ్బు పెట్టిన కట్టుబాట్లలో. పడవకు ఇంజన్ ఉండకూడదు, తెడ్లే వేయాలి. నిజమైన చేపను ఎరగా పెట్టకూడదు. గాలం ఒక్కటే. దారం 20 పౌండ్ల బలానికి మించకూడదు. కాలం జూలై 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా. కాస్త గమనిస్తే ఈ నియమావళి జువిట్ చూసిన దోనె వేటకు పెద్దమనుషుల రూపమేనని తెలుస్తుంది. ఒకప్పుడు అవసరం నేర్పిన కష్టాన్ని ఇప్పుడు డబ్బున్నవాళ్లు కోరి తెచ్చుకుని, దానికి పతకం పెట్టుకున్నారు. ఆ క్లబ్బు ఇప్పటికీ ఉంది, తెల్లవారుజామునా సాయంత్రమూ నది ముఖాన తెడ్ల పడవలు కనిపిస్తాయి.

ఆ నీళ్లు కూడా మంచివి కావు. కాస్త ఉత్తరాన సేమూర్ ఇరుకులో పోటు వేళ నీరు 15 నాట్ల దాకా వేగంతో పరుగెడుతుంది. మధ్యలో రిపుల్ రాక్ అనే జంట శిఖరాల బండ ఎన్నో ఓడలను పొట్టన పెట్టుకుంది. 1958 ఏప్రిల్ 5న దాని కింద సొరంగం తవ్వి, 1,375 టన్నుల మందుగుండు పెట్టి పేల్చేశారు. క్యాంబెల్ నది మాత్రం అంతకుముందే మనిషి చేతికి చిక్కింది. 1947లో జాన్ హార్ట్ ఆనకట్ట వచ్చింది, మరో రెండు వెంట వచ్చాయి. ఆ నది ఒడ్డు ఊళ్లో మేజిస్ట్రేటుగా పనిచేసిన రచయిత రోడరిక్ హేగ్-బ్రౌన్ పైనున్న బటిల్ సరస్సును ముంచవద్దని 1950లలో పోరాడి చాలావరకు ఓడిపోయాడు. వేట రచనల్లో చేపను పట్టిన గొప్పకన్నా నదిని చూసిన చూపు ముఖ్యమని స్థాపించినవాడు ఆయన.

సియాటిల్ వైపు మరో పద్ధతి పుట్టింది. ఇంజన్ ఆపేసి, కోసిన హెర్రింగ్‌ను గుచ్చి, పడవను నీటివాలుకు వదిలేసి, దారాన్ని మెల్లగా లేపుతూ దించుతూ ఉండడం. దీన్ని మూచింగ్ అంటారు. జపాన్ మూలాలున్నవారు అందులో ఆరితేరారు. యుద్ధకాలపు నిర్బంధ శిబిరాల నుంచి తిరిగొచ్చిన జపనీస్ అమెరికన్లు 1946లో టెంగు క్లబ్ పెట్టి ఏటా మూచింగ్ పోటీలు నడిపారు. కెనడా వైపు జపాన్ మూలాల జాలరుల దగ్గర 1941 డిసెంబర్ నుంచి ప్రభుత్వం లాక్కున్న పడవలు సుమారు 1,200.

హాలిబట్ వినోదపు గాలానికి చిక్కింది ఆలస్యంగా. అంతకుముందే అది రైలెక్కింది. నార్తర్న్ పసిఫిక్ రైలుమార్గం తీరానికి చేరిన ఐదేళ్లకు, 1888లో, ఆస్కార్ అండ్ హాటీ అనే తెరచాప ఓడ టకోమాలో దించిన హాలిబట్ మంచులో పెట్టుకుని బోస్టన్‌కు ప్రయాణం కట్టింది. పాతికేళ్లలో ఒడ్డుకు దగ్గరి సముద్రపు మేటల్లో చేప తరిగిపోయింది. 1923 మార్చి 2న కెనడా, అమెరికా హాలిబట్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. బ్రిటన్ సంతకం లేకుండా కెనడా సొంతంగా చేసుకున్న మొదటి ఒప్పందం అదే, ఒక దేశపు స్వతంత్ర విదేశాంగం చేపతో మొదలైంది. గుడ్లు పెట్టే శీతకాలంలో మూడు నెలలు వేట మూసేశారు, ఉమ్మడి సంఘం పెట్టారు. 1930 నాటి కొత్త ఒప్పందంతో ఎంత పట్టాలో హద్దు పెట్టే అధికారం ఆ సంఘానికి దక్కింది.

సరదా వేటగాళ్లు హాలిబట్ జోలికి అప్పటికి పెద్దగా పోలేదు. స్విఫ్ట్‌ష్యూర్ లాంటి మేటలు ఒడ్డుకు దూరం, నీరు లోతు, చేప బరువు. చిన్న పడవకు నమ్మకమైన ఇంజన్, లోతు చూపే యంత్రం, ఉపగ్రహాల దారిసూచిక వచ్చాక గానీ ఆ వేట మామూలు మనిషికి అందలేదు. అంతకుముందు నూచానుల్త్ జాలరులు ఒడ్డున రెండు కొండ శిఖరాలను ఒకే గీటుకు తెచ్చి చూసి, ఆ గీటు ఇంకో గీటును కోసే చోట మేటను పట్టేవారు. యంత్రం చేసేదీ అదే పని, పొగమంచులో కూడా చేస్తుంది.

పొగమంచు చిన్న విషయం కాదు. వేసవిలో చేపను తెచ్చే ఆ చల్లని అడుగునీరే పైనున్న తేమగాలిని చల్లబరిచి తెల్లటి తెర దించుతుంది. ఆగస్టుకు ఇక్కడివాళ్లు ఫాగస్ట్ అని పేరు పెట్టుకున్నారు. తెల్లవారుజామున గాలి ఉండదు, మధ్యాహ్నానికి వాయవ్యపు గాలి లేస్తుంది, సాయంత్రానికి కెరటాలు పొట్టిగా నిక్కుతాయి. అందుకే పడవలు చీకటి ఉండగానే బయల్దేరి మధ్యాహ్నానికి తిరుగుముఖం పడతాయి. గాలి ఆగ్నేయం నుంచి వీచిందంటే అల్పపీడనం వస్తోందని అర్థం, ఆ రోజు పడవ కట్టేసుకోవడమే. చాలా దీపస్తంభాల్లో కాపలాదారులు ఇప్పటికీ గాలి, అల, దృశ్యదూరం రేడియోలో చెబుతారు. హాలిబట్‌కు ఇంకో షరతుంది. పోటు పారేటప్పుడు ఎంత సీసం కట్టినా గాలం నేలకు ఆనదు. పోటుకూ ఆటుకూ మధ్య నీరు నిలిచే ఆ కాసేపే వేట. అష్టమి దరిదాపుల్లో పోటు బలం తగ్గినప్పుడు ఆ వ్యవధి కాస్త పెరుగుతుంది.

వేట పెరిగిన కొద్దీ చేప తగ్గింది, దానికి సరదా గాలం ఒక్కటే కారణం కాదు. 1914లో రైలుమార్గం పనుల వల్ల హెల్స్ గేట్ దగ్గర కొండరాళ్లు ఫ్రేజర్ నదిలో పడి సాకై దారి మూసుకుపోయింది. చేపలు దాటే మెట్లు కట్టడానికి 1940ల దాకా పట్టింది. ఎల్ నినో ఏళ్లలో వెచ్చని నీటితో మాకెరెల్ చేపలు ఉత్తరానికి వచ్చి సముద్రంలోకి దిగుతున్న సాల్మన్ పిల్లలను తినేశాయి. ఒక దేశపు నదిలో పుట్టిన చేపను ఇంకో దేశపు పడవ పట్టడం మీద తగాదాలు ముదిరి 1985లో పసిఫిక్ సాల్మన్ ఒప్పందం కుదిరింది. అయినా 1997 జూలైలో కెనడా జాలరులు ప్రిన్స్ రూపర్ట్ రేవులో అలాస్కా ప్రయాణికుల ఓడను మూడు రోజులు చుట్టుముట్టి ఆపారు. మరుసటి ఏడు కోహో మీద కెనడా కఠినమైన ఆంక్షలు పెట్టింది. చేపపిల్లల కేంద్రాల్లో పెంచినవాటికి వీపు చివరి చిన్న రెక్క కత్తిరించి వదలడం, ఆ గుర్తున్న చేపనే ఉంచుకోనివ్వడం, గాలానికి వెనుకముల్లు లేకుండా చూడడం అలవాటయ్యాయి. 2019లో ముఖ్యంగా చినూక్ మీద బతికే దక్షిణాది ఓర్కా తిమింగలాలు, ఫ్రేజర్ నది చినూక్ రెండూ ఆపదలో ఉన్నాయని వేసవి మొదటి సగంలో చాలా చోట్ల చినూక్ ఉంచుకోవడం నిషేధించారు.

హాలిబట్ తగాదా వేరే దారి పట్టింది. కెనడా వాటాను 2003లో వ్యాపారులకు 88 శాతం, సరదా వేటకు 12 శాతంగా పంచారు. 2011లో ఆ 12 శాతం అయిపోవడంతో సరదా వేటను సెప్టెంబర్ మొదట్లోనే మూసేశారు. రేవుల్లో లేచిన గొడవకు 2012లో వాటా 15 శాతానికి పెరిగింది. వ్యాపారపు పడవలు 1980లలో మామూలు కొక్కేన్ని వదిలి, మొన లోపలికి తిరిగిన గుండ్రని గాలానికి మారాయి. మకా చెక్క గాలం పనిచేసే తీరు అదే.

కొలత మాత్రం చెక్క గాలం నుంచి టేపు మీదికి వచ్చింది. 2012 నుంచి ఆగ్నేయ అలాస్కాలో అద్దె పడవల్లో వెళ్లే వేటగాడు 45 అంగుళాల లోపు చేపనో, 68 అంగుళాలకు పైబడిన దాన్నో ఉంచుకోవచ్చు, మధ్యదాన్ని వదిలేయాలన్నారు. ఆ హద్దులు ఏటా మారుతూ వచ్చాయి. పాత గాలం పట్టింది మధ్యదాన్ని, వదిలింది రెండు కొసలను. ఇక్కడ లెక్క తిరగబడింది, ఎందుకంటే గోడకు వేలాడదీసే పెద్ద చేప ఆశ లేకపోతే అద్దె పడవకు గిరాకీ ఉండదు. బ్రిటిష్ కొలంబియా తీరంలో కెనడా ప్రభుత్వం మరో దారిన పోయి, ఇంత పొడవుకు మించిన హాలిబట్‌ను అసలే ఉంచుకోరాదని నియమం పెట్టింది. అందువల్ల దీవి పడమటి తీరంలోని బార్క్‌లీ సౌండ్ బయట పడవల్లో ఇప్పుడు చేప నీళ్లలో ఉండగానే పక్కన టేపు పట్టి చూస్తారు. కొలతకు మించితే దారం కోసి వదిలేస్తారు, లోపల ఉంటేనే కొక్కెం వేసి పైకి లాగుతారు.